అమ్మోరి రాయి దగ్గర న్యూట్రల్

“ఆడవాళ్లకి ఆటోమేటిక్కే బెస్టండీ తాతగారూ,” అన్నాడు పాత కార్లు అమ్మే కుర్రాడు.

కారు నడపబోయేది నా కోడలు. లైసెన్సు ఆమెది. లోనుకి సంతకాలు పెట్టింది ఆమె. నా పక్కనే నిలబడి ఉంది. అయినా వాడు మాట్లాడేది నాతో. ఈ డెబ్బయ్యేళ్లలో నా చేతికి ఒక్కసారి కూడా స్టీరింగు తగల్లేదని వాడికేం తెలుసు? మగవాణ్ణి, తల నెరిసింది, వాడికి అంతే చాలు.

“కోడలమ్మగారికి క్లచ్చి గొడవుండదు, గేర్ల గొడవుండదు. తొక్కితే పోద్ది, ఆపితే ఆగుద్ది. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?”

ఏం కావాలో నాకు తెలుసు. ఆమె ప్రాణాలతో ఇంటికి రావాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు. కానీ కార్ల షెడ్డులో, రంగు రంగుల జెండాల కింద, కూల్ డ్రింకు చేతికిచ్చినవాడితో ఈ మాట ఎలా చెప్పడం?

గేర్ల బండా, గేర్లు లేని బండా అన్నది మైదానంలో వాళ్లకి ఎడమకాలి నొప్పికి సంబంధించిన ప్రశ్న. ట్రాఫిక్కులో విసుగు, మైలేజీ, ధర, ఇంతే. మా ఊళ్లో దాని గురించి నెలల తరబడి వాదన జరిగింది. జీపు స్టాండులో జరిగింది, టీకొట్టు దగ్గర జరిగింది, చర్చి మెట్ల మీద జరిగింది. బండి ముఖం చూడనివాడు కూడా తీర్పు చెప్పాడు. ఆ తీర్పులన్నీ వింటూ, నేనూ నా తీర్పు ఒకటి చెప్పి, ఆ తర్వాత దాన్ని నేనే తిప్పి పారేశాను. ఎందుకు తిప్పి పారేశానో చెప్పాలంటే నా కొడుకు సంగతి చెప్పాలి.

మా ఊరు ఘాటు రోడ్డు మీద ఉంది. పైన కొండ కొప్పు. అక్కణ్ణించి అటు దిగితే అరకు, ఇటు దిగితే మా ఊరు, ఇంకా దిగితే మైదానం. ఆ కొప్పు మీద, సరిగ్గా ఎక్కడం అయిపోయి దిగడం మొదలయ్యే చోట, పసుపు పూసిన రాయి ఒకటుంది. మా అమ్మోరు. గుడి లేదు, పూజారి లేడు. ఆ రోడ్డుకి రాళ్లు కొట్టిన కూలీల్లో నేనూ ఒకణ్ణి. వెడల్పు చేసేటప్పుడు కంట్రాక్టరు ఆ రాయిని పక్కకి జరపమన్నాడు. మాలో ఒక్కడు గడ్డపార ఎత్తలేదు. తిట్టాడు, కూలి కోస్తానన్నాడు, ఆఖరికి రోడ్డునే కాస్త వంచి పోయించాడు. ఇప్పటికీ అక్కడ వంకర ఉంది. ఇంజనీర్లు ఏ పుస్తకం చూసి గీశారోనని టూరిస్టులు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నా చదువు కూడా ఆ రోడ్డు మీదే అయింది. మైలురాళ్ల మీద అక్షరాలు రాసే పెయింటరుకి రంగు డబ్బా పట్టుకునేవాణ్ణి. వాడు ‘అరకు’లో ‘అ’ రాస్తే నేను మట్టిలో ‘అ’ రాశాను. ‘రకు’ కూడా అలాగే వచ్చింది. తర్వాత ఎండుచేపలు కట్టిచ్చిన పేపరు ముక్కలన్నీ చదివాను. కంపు కొట్టే చదువు. కానీ ఎవడూ నాకు దానంగా ఇచ్చింది కాదు. అందుకే, మాకు రోడ్డొచ్చింది, మాకు నాగరికతొచ్చింది అని ఎవరైనా ఉపన్యాసం మొదలెడితే నాకు ఒళ్లు మండుతుంది. రోడ్డు రాలేదయ్యా. మేం కొట్టాం, మేం పరిచాం. అదే రోడ్డు నా కొడుకుని తీసుకుపోయింది.

వాడు సర్వీసు జీపు తోలేవాడు. జీపు మైదానంలో ఒక షావుకారుది. పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుని కిందకి, మధ్యాహ్నం పైకి, సంత రోజుల్లో అరకుకి. కొండ మీద జీపు డ్రైవరంటే మాటలు కాదు. కడుపుతో ఉన్న గుంటని ఆస్పత్రికి చేర్చేది వాడే, శవాన్ని ఇంటికి తెచ్చేదీ వాడే. వాడి జీపులో లెక్క చూసేవాళ్లు ఉండరు, పట్టినంతమంది ఎక్కుతారు. బానెట్టు మీద కూడా.

రెండు వానాకాలాల కిందట, అరకు సంత నుంచి ఆఖరి ట్రిప్పు వస్తూ, అమ్మోరి రాయి దాటి ఇటు దిగుతూ, మేం పనస మలుపు అనుకునే చోట జీపు లోయలోకి వెళ్లిపోయింది. బండిలో అల్లం బస్తాలు తప్ప మనుషులు లేరు.

“మనుషులు లేరు, అదే దేవుడి దయ,” అన్నారు అందరూ.

దయట! మరి నా కొడుకు మనిషి కాడా?

పేపర్లో రెండు ముక్కలు వేశారు. అదుపు తప్పిందని. అదుపు తప్పింది జీపా, షావుకారా అని నేను అడిగాను. పోలీసు స్టేషన్లో అడిగాను, సంతలో అడిగాను. జీపు బ్రేకులు అరిగిపోయాయని, మార్పించమని నా కొడుకు ఫోనులో షావుకారుని బతిమాలడం నా చెవులతో విన్నాను. అతను మార్పించలేదు. కాబట్టి చంపింది అతనే. ఇందులో తికమకేముంది? అతను కొండెక్కి వచ్చిన ప్రతిసారీ ఎదురెళ్లి అడ్డంగా నిలబడి అరిచేవాణ్ణి. అతను కారు అద్దం ఎత్తేసుకునేవాడు. నా ముసల్ది అయితే దుమ్ము ఎత్తి పోసేది. ఆ కోపమే లేకపోతే మేమిద్దరం ఆ ఏడాది గడిపేవాళ్లం కాదు. పొద్దున్న లేవడానికి అదొక్కటే కారణంగా ఉండేది మాకు.

కోడలు మాత్రం ఎవర్నీ తిట్టలేదు. ఆమె అన్నదమ్ములు వచ్చారు, తీసుకెళ్తామన్నారు. మా కొండల్లో మొగుడు పోయిన పిల్లని మూల కూచోబెట్టే పాడు అలవాటు లేదు. వెళ్లొచ్చు, మళ్లీ మనువాడొచ్చు, ఎవడూ నోరెత్తడు. నేనే వెళ్లమ్మా అన్నాను. ఆమె వెళ్లలేదు. ఆడవాళ్లంతా కలిసి కాఫీ గింజలు ఎండబెట్టి, దంచి, పొడి చేసి అమ్మే సంఘం ఒకటి ఆమె చేతుల మీద నడుస్తోంది. జీపు పోయాక, మిగతా జీపుల్లో చోటు దొరక్క, ఆ మూటలు నెత్తిన పెట్టుకుని కొప్పు దాకా నడవాల్సి వచ్చేది. ఒకరోజు ఇంటికొచ్చి మూట దించి, మెడ పట్టుకుని అరుగు మీద కూచుని అంది.

“మావా, నేను బండి నేర్చుకుంటాను.”

నేను మాట్లాడే లోపే లోపల్నించి ముసల్ది వచ్చింది.

“ఏటే, నీకు మతి గాని పోనాదేటి? మొగుణ్ణి మింగిన దారిలో నువ్వు బండి తోల్తావా?”

“ఆ దారి కాకపోతే మనకి ఇంకో దారుందేటత్తా?”

ముసల్ది నా వైపు చూసింది, ఏదైనా అనమని. నిజంగానే ఇంకో దారి లేదు.

నేర్పింది నా కొడుకు స్నేహితుడు. వాడూ జీపు డ్రైవరే. సంత లేని రోజుల్లో మా ఊరి సంత మైదానం ఖాళీ. అక్కడ తన జీపు ఆమెకిచ్చి పక్కన కూచునేవాడు. నేను వెనక సీట్లో. నాకక్కడ పని లేదు. కానీ ఆమె ఒక్కతే వెళ్తుంటే ఇంట్లో కూచోబుద్ధయ్యేది కాదు.

మొదటి రోజు జీపు కప్పలా గెంతింది. గట్టు మీద కూచున్న ముసలమ్మలు చుట్టలు తీసేసి మరీ నవ్వారు.

“క్లచ్చి అంటే అత్తగారి లాంటిది వదినా,” అన్నాడు వాడు. “ఒక్కసారి వదిలేత్తే ఎగిరి మీద పడతాది. మెల్లిగా, మరేదగా వదలాల.”

“ఉండు, మీ అత్త సంతకొత్తాది గదా, నీ మాట సెప్తాను.”

“బాబ్బాబు! క్లచ్చి అమ్మ లాంటిది వదినా. అమ్మ.”

అలా నవ్వుకుంటూనే నేర్చుకుంది. ఆమె నవ్వడం నేను చాలాకాలానికి విన్నాను. రెండు వారాలు తిరక్కుండానే మైదానం చుట్టూ, ఆవుల మధ్య నుంచి, కూరగాయల తడికెల మధ్య నుంచి సాఫీగా తిప్పేసేది. వాడు మెచ్చుకున్నాడు. కారు కొంటే గేర్లదే కొనమని మాకు గట్టిగా చెప్పింది వాడే.

“కొండ మీద బండిని పట్టుకునేది బ్రేకు కాదు బాబాయ్, గేరు. రెండో గేరులో దిగితే ఇంజనే ఎనక్కి లాగతాది. బ్రేకు మీద ఆనుకుని దిగినోడి బ్రేకు కాలిపోతాది. ఆటోమేటిక్కులు టూరిస్టులకి. మనకెందుకు?”

నాకు అది నచ్చింది. గొప్ప న్యాయంగా కనిపించింది. అప్పటికి నా తీర్పు అదే: గేర్ల బండి. ఊరంతటికీ చెప్పాను. రెండో గేరు గురించి నేను చెప్తుంటే జీపు డ్రైవర్లు తలూపేవాళ్లు. ఆ తలూపడంలో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు.

సంత మైదానం అయ్యాక ఘాటు చూపించాలి గదా. ఒక సాయంత్రం అరకు నుంచి వస్తూ వాడే తోలాడు; ఎప్పుడూ అడ్డదారిన నడిచే నాకు జీపులో ఆ దిగుడు దిగడం కొత్త. ఆమె పక్కన కూచుని చూస్తోంది. నేను వెనక. ఎక్కుడంతా వాడు చెప్తూనే ఉన్నాడు, ఇక్కడ ఒకటో గేరు, ఇక్కడ హారను, ఇక్కడ లారీలు మీదకొస్తాయి జాగర్త అని. కొప్పు మీదకి వచ్చాం. అమ్మోరి రాయి కనిపించింది. వాడు హారను కొట్టాడు. కుడిచెయ్యి స్టీరింగు మీంచి తీసి నుదుటికి తాకించాడు, పెదాలకి తాకించాడు. సరిగ్గా అప్పుడే, వాడి ఎడమచెయ్యి దానంతటది కదిలి గేరు కర్రని మధ్యకి, ఏ గేరూ లేని న్యూట్రలుకి, తోసింది. దణ్ణం అయిపోయిన కుడిచెయ్యి కిందకి వచ్చి తాళం తిప్పేసింది.

ఇంజను ఆగిపోయింది. జీపు దిగుతూనే ఉంది.

అంత పెద్ద రొద ఒక్కసారి ఆగిపోతే చెవులు గుంయ్‌మన్నాయి. టైర్ల చప్పుడు. గాలి. దూరంగా ఎవరిదో ఆవు మెడ గంట. దణ్ణం, న్యూట్రలు, రెండూ ఒకే కదలికలా ఉన్నాయి. వాడు ఆ రెంటినీ వేరువేరుగా నేర్చుకుని ఉండడు. వాడికి నేర్పినవాడూ అలా నేర్చుకుని ఉండడు.

“ఏటిరా ఇది?” అన్నాను.

“ఏటి బాబాయ్?”

“ఇంజనెందుకు ఆపావు?”

“ఓ, అదా. దిగుడే గదా. డీజిలు మిగులుతాది. అమ్మోరి కాణ్ణించి మనూరి దాకా చుక్క ఖరుసవదు. షావుకార్లు కొలిసి పోస్తారు గదా, మిగిలితేనే మాకు టీ నీళ్లు. అందరం సేసేదే. ఎవడైనా అంతే. వాడూ...”

అక్కడ ఆగిపోయాడు. తాళం మళ్లీ తిప్పాడు. ఇంజను లేచింది. గేరు వేశాడు. కానీ నేను విన్నాను గదా.

“వాడూ?”

వాడు మలుపులో హారను కొట్టాడు.

“చెప్పరా. వాడూ?”

“మేం కిందకి దిగి తీసేటప్పటికి గేరు కర్ర మద్దిలో ఉంది బాబాయ్,” అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “తాళం ఆపేసి ఉంది. ఇంజను ఆపేత్తే బ్రేకు రాయిలా గట్టిపడిపోతాది. నాలుగైదు మాట్లు తొక్కితే ఇంక పట్టదు. దానికి తోడు అరిగిపోయిన బ్రేకులు. మీకెలా సెప్తాం? స్టాండులో అందరికీ తెలుసు.”

అందరికీ తెలుసు. నేను ఏడాదిపాటు షావుకారు కారుకి అడ్డంగా నిలబడి అరుస్తుంటే చుట్టూ చేరి చూసిన అందరికీ. రెండో గేరు గురించి నేను ఉపన్యాసం చెప్తుంటే తలూపిన అందరికీ.

జీపు దిగాక వాణ్ణి తిట్టాను. నోటికొచ్చిందల్లా తిట్టాను. మీరు డ్రైవర్లు కాదురా, అమ్మోరి పేరు చెప్పి చచ్చేవాళ్లు అన్నాను. వాడు తల వంచుకుని పడ్డాడు. వాణ్ణి తిట్టడం అన్యాయమని తెలుసు. షావుకారు మంచివాడు అయిపోలేదు. బ్రేకులు మార్పించలేదు, డీజిలు కొలిచి పోశాడు, ఆ పాపం అతనిదే, ఇవాళ్టికీ అంటాను. కానీ ఆ చెయ్యి నా కొడుకుది. గేరు కర్రని మధ్యకి తోసింది ఆ చెయ్యే. ఏడాదిగా నేను మోసుకు తిరిగిన కోపాన్ని ఎవరి నెత్తిన దించాలి ఇప్పుడు? చచ్చిపోయిన కొడుకుని తిట్టగలనా? తిట్టి చూశాను. ఒక్కణ్ణీ కాఫీ తోటలో నిలబడి, వెధవా అన్నాను పైకి. రాలిన కాఫీ పండ్లు ఏరుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో ముసల్ది పొయ్యి ముందు కూచుని, ఎప్పటిలాగే షావుకారు వంశాన్ని తిట్టిపోస్తోంది. రోజూ నేనూ గొంతు కలిపేవాణ్ణి. ఆ రోజు కలపలేదు.

“ఏటయ్యా, నోట్లో మాట నేదేటి?” అంది.

“ఒంట్లో బాగులేదు,” అన్నాను. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడకి ఆ కోపం ఉండనీ. తీసేసుకుంటే ఆ చోట ఏం పెట్టగలను?

మర్నాడు కోడలు కళ్లంలో కాఫీ గింజలు తిరగేస్తోంది. నేను వెళ్లి గట్టు మీద కూచున్నాను. ఎలా మొదలెట్టాలో తెలియక, పాపం నీకూ నిన్ననే తెలిసింది గదమ్మా అన్నాను.

ఆమె కాలితో గింజలు దున్నుతూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు చాళ్లు నడిచింది.

“నాకు ముందే తెలుసు మావా,” అంది. “నేను పక్కన కూచున్నప్పుడు కూడా న్యూట్రలు వేసేవోడు.”

“మరి వద్దనలేదా?”

కాలికంటిన గింజలు దులుపుకుంది.

“ఆ జీపులో ఇంజను నడుస్తుంటే మాట వినబడదు మావా. ఇంట్లో అందరూ ఉంటారు. అమ్మోరి కాణ్ణించి ఊరి దాకా ఇంజను ఆపేసి దిగుతుంటే, ఆ కాసేపే, మేం మాటాడుకునేవోళ్లం. సంతలో ఏటి తిన్నావు, కాళ్లు నొప్పెడుతున్నాయా, అలాటివే. నేనే అనేదాన్ని, అమ్మోరు ఎప్పుడొస్తాది అని.”

ఆమె మళ్లీ గింజలు దున్నడం మొదలెట్టింది. నా వైపు చూడకుండానే అంది.

“నాకూ ఆ చప్పుడు లేకపోడం ఇష్టవే మావా. అదే నా బయ్యం. నా చెయ్యి కూడా అక్కడికే పోతాదేమోనని.”

అప్పుడు తిప్పాను నా తీర్పు. గేర్ల బండి వద్దు. ఆ కర్రే వద్దు ఆమె చేతి పక్కన. ఆటోమేటిక్కే కొందాం. స్టాండులో అందరూ నన్ను వింతగా చూశారు. నిన్నటి దాకా రెండో గేరన్నావు గదా తాతా అన్నారు. స్కూటీ కొనండి, ఇంకా సులువు అని ఒకడు నవ్వాడు. నోరు ముయ్యమన్నాను. పైకి నేను చెప్పిన కారణాలు వేరు. మోకాలి నొప్పి అన్నాను, మర్యాద అన్నాను, కాలం మారింది అన్నాను. లోపల ఉన్నది ఒక్కటే. నా కొడుకు చెయ్యి తోసిన కర్ర లేని బండి ఈ భూమ్మీద ఎక్కడో తయారవుతోంది, డబ్బు పోసి దాన్ని తెచ్చి ఆమెకిస్తే ఆమె బతుకుతుంది. డెబ్బయ్యేళ్లు వచ్చినా మనిషి ఇలాగే అనుకుంటాడు.

అలా ఆ కార్ల షెడ్డుకి వచ్చాం. రెండు కార్లు చూపించాడు కుర్రాడు. ఒకటి గేర్లది, బూడిద రంగు. ఇంకోటి ఆటోమేటిక్కు, తెల్లది. తెల్లదాని తలుపు తీసి కోడల్ని కూచోమన్నాడు. నేను అవతల తలుపు నుంచి ఎక్కాను. లోపల అగరొత్తుల వాసన. సీట్ల మధ్యలో ఒక కర్ర ఉంది. అదీ కర్రే. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలు కూడా నేను మైలురాళ్ల మీదే నేర్చుకున్నాను కాబట్టి చదివాను. పి, ఆర్, ఎన్, డి.

“ఈ ఎన్ ఏటి?” కోడలు అడిగింది.

“న్యూట్రల్ మేడం. సిగ్నల్ దగ్గర, బండి తోయించుకునేటప్పుడు వాడతారు.”

“ఏటి, డి పక్కనేనా?”

“పక్కనే మేడం. ఇలా కొంచెం తోస్తే చాలు. చాలా స్మూత్.”

తోసి చూపించాడు. టిక్కుమంది. అంతే. గేర్ల బండిలో క్లచ్చి తొక్కాలి, కర్ర లాగాలి. ఇక్కడ వేలితో తోస్తే చాలు. నా కొడుకు చేసిన పనిని ఇంత సులువు చేసి అమ్ముతున్నారు. ఎవరయ్యా ఈ అక్షరం ఇక్కడ రాసింది అని అరవాలనిపించింది. ఎవరి మీద అరుస్తాను? ఆ కుర్రాడి మీదా?

ఆమె ఆ కర్రని చాలాసేపు చూసింది. ఎడమచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత దిగిపోయి బూడిద రంగు కారు వైపు నడిచింది. కుర్రాడు నా వంక చూశాడు. నేనూ ఆమె వెనకాలే వెళ్లాను.

“వద్దమ్మా,” అన్నాను మెల్లిగా. “అనుకున్నదే తీసుకుందాం. సులువు గదా.”

“అందుకే వద్దు మావా. దాంట్లో చెయ్యి ఖాళీగా ఉంటాది. దిగుడంతా ఖాళీగా కూచుని ఏటి సేస్తాది? ఊరుకోదు. గేర్ల బండిలో దానికి పనుంటాది. రెండో గేరేసి, ఆ కర్రని పట్టుకునే కూచుంటాను.”

బూడిద రంగు కారే కొన్నాం. అంత చిన్న కుర్రది, చదివింది పదో తరగతి, అదైనా ఎవరు పట్టించుకుని చెప్పారు గనక; కానీ తన చేతిని గురించి తనకి తెలిసినంత నాకు తెలియదని ఒప్పుకోక తప్పలేదు.

మొదటి సంత రోజు నేనూ కూచున్నాను పక్కన. ముసల్ది రానంది. గుమ్మంలో నిలబడి కారు వైపు కాకుండా ఆకాశం వైపు చూస్తూ, “బేగి వచ్చేయండి,” అంది. వెనక సీట్లో కాఫీ పొడి పొట్లాలు, మిరియాల సంచులు, ఇద్దరు సంఘం ఆడవాళ్లు. ఎక్కేటప్పుడు మేం కొండ పక్కన పోతాం కాబట్టి లోయ కనపడదు. ఆమె ధ్యాసంతా కాళ్ల మీద ఉంది. ఒక్కసారి కారు ఆగిపోయింది, వెనక్కి జారింది; ఆమె చేతి బ్రేకు లాగింది, మళ్లీ కదిలించింది. వెనకున్న ఆడవాళ్లు అమ్మోరిని గట్టిగానే పిలిచారు. సంతలో సరుకంతా అమ్ముడుపోయింది. ఆ ఆడవాళ్లు చుట్టాలింటికని అరకులోనే ఉండిపోయారు. తిరుగు ప్రయాణంలో మేమిద్దరమే.

కొప్పు మీదకి వచ్చాం. రాయి కనిపించింది. ఆమె హారను కొట్టలేదు. కారు పక్కకి తీసి ఆపింది. చేతి బ్రేకు లాగింది, గేరులోనే వదిలింది, తలుపు తీసుకుని దిగింది. రాయి దాకా నడిచి, చెప్పులు విప్పి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకుంది. ఆ ఘాటులో బండాపి దిగి దణ్ణం పెట్టుకున్న డ్రైవరుని నేను చూడలేదు. మా వెనక రెండు సర్వీసు జీపులు ఆగి హారన్లు మోగించాయి.

“ఏటి వదినా, అమ్మోరి కాడ అపాయింటుమెంటా?” అని ఒకడు అరిచాడు.

“అమ్మోరికి కాపీ పొడి అమ్ముతోందిరా!” అన్నాడు ఇంకోడు.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి వాళ్ల తాతల దాకా తిట్టాను. వాళ్లు నవ్వుతూ మమ్మల్ని దాటి ముందుకి పోయారు. దాటేటప్పుడు ఒక్కొక్కడి కుడిచెయ్యి నుదుటికి లేచింది. ఆ వెంటనే ఇంజన్లు ఆగిపోయాయి. ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా జారుకుంటూ మలుపు తిరిగి మాయమయ్యాయి. మొదటి జీపులో నా కొడుకు స్నేహితుడున్నాడు. అంతా చూసినవాడు, గేరు కర్ర మధ్యలో ఉందని నాకు చెప్పినవాడు. వాడు కూడా.

ఆమె వచ్చి కూచుంది. వాళ్లని చూసిందో లేదో తెలియదు. చెంగుతో మొహం తుడుచుకుంది, కారు తీసింది, రెండో గేరు వేసింది. ఇంజను మూలగడం మొదలెట్టింది. పైకెక్కేటప్పటికంటే ఎక్కువ రొద. ఆమె ఎడమచెయ్యి ఆ కర్ర మీదే ఉంది, వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది. దిగేటప్పుడు మేం లోయ పక్కన. నా పక్కనే, నా కిటికీ కిందే లోయ.

పనస మలుపు వస్తోంది. ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. ఆమె కళ్లు రోడ్డు మీంచి కదల్లేదు. మొగుడు పోయిన చోటు పక్కనుంచి పోతూ అటు ఒక్కసారి చూడ్డానిక్కూడా వీల్లేని పని తెచ్చి ఆమె చేతిలో పెట్టాం మేం.

“మావా,” అంది.

ఇంజను రొదలో సరిగ్గా వినబడలేదు. వంగాను.

“నేను సూడలేను గదా. మీరు సూసి సెప్పండి. ఏటి కనబడతంది అక్కడ?”

నేను చూశాను. ఇన్నాళ్లూ ఆ వైపు తల తిప్పనివాణ్ణి, చూశాను. రెండు వానలు పడ్డాయి గదా. జీపు చేసిన దారి లేదు, విరిగిన కొమ్మలు లేవు. అడ్డాకు తీగలు అల్లుకుపోయి అంతా పచ్చగా, ఒక్కటే పచ్చగా ఉంది. ఇక్కడ ఒకడు పడ్డాడని చెప్పేది ఒక్కటీ లేదు.

“ఏటీ లేదమ్మా. తుప్పలు,” అన్నాను.

“వినబడలేదు మావా.”

“తుప్పలమ్మా! తుప్పలే!”

ఆమె తలూపింది. మలుపు తిరిగాం. ముందు కాస్త చదునైన దారి వచ్చింది, మా ఊరి రేకులిళ్లు కనిపించాయి. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు.

“మూడు వెయ్యమంటారా మావా?” అని అడిగింది. బండి ముఖం తెలియని నన్ను.

“వద్దమ్మా,” అన్నాను. “రెండులోనే ఉండనీ.”